ముందు తూకం, తర్వాతే మోటారు

ఇరవై లీటర్ల నీళ్ల క్యాను నిండుగా ఉంటే దాదాపు 21 కిలోలు తూగుతుంది. వంటింటి సిలిండర్‌లో గ్యాసు 14.2 కిలోలే అయినా ఇనుముతో కలిపితే 30 కిలోలకు అటూ ఇటూ. నలభై లీటర్ల పాల క్యాను 45 కిలోలు దాటుతుంది. తెల్లారకముందే మన ఊళ్లలో రోడ్డెక్కే బళ్లలో చాలా భాగం ఇలాంటి బరువులతోనే తిరుగుతాయి. పెట్రోలు లీటరు నూరు దాటాక, ఈ బళ్లు నడిపేవాళ్ల చూపు కరెంటు బండి మీద పడింది. అయితే షోరూంలో అడుగుపెట్టగానే అందరూ అడిగేది ఒకటే మాట: "ఒకసారి చార్జింగ్ పెడితే ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?"

ఒక్క మనిషి ఆఫీసుకు వెళ్లొచ్చే బండికి ఆ ప్రశ్న సరిపోతుంది. లోడు బండికి మాత్రం అది నాలుగో ప్రశ్న. ఎంత బరువు వేస్తారు, ఎంత ఎత్తు ఎక్కాలి, దిగేటప్పుడు ఆ బరువును ఏ బ్రేకు ఆపాలి అన్నవి దానికంటే ముందు తేలాలి. అవి తేలితే మోటారు ఎంతదో, బ్యాటరీ ఎంతదో లెక్క దానంతటదే వస్తుంది. అవి తేలకుండా కిలోమీటర్లు చూసి కొన్నవాళ్లకు వేడెక్కి ఆగే మోటారు, సొట్టపోయిన రిమ్ము, ఏడాది తిరగకముందే డీలాపడే బ్యాటరీ మిగులుతాయి. లోడు బండి మీద బతికే కుటుంబానికి ఇది చిన్న నష్టం కాదు.

తెలుగు పల్లెల్లో, పట్టణాల్లో బరువు మోసే బండి అంటే ఇప్పటికీ టీవీఎస్ ఎక్సెలే. 1980లో హోసూరు ఫ్యాక్టరీ నుంచి టీవీఎస్ 50 వచ్చినప్పుడు అది ఇద్దరు కూర్చునే మోపెడ్. జనం దాన్ని గడ్డిమోపులకు, కోళ్ల గంపలకు, ఐసు పెట్టెలకు, ప్లాస్టిక్ బిందెలకు, చీరల మూటలకు వాడుకున్నారు. ఇప్పుడు దొరికే ఎక్సెల్ 100 ఇంజిను 99.7 సీసీ. గేర్లు లేవు. చక్రాలు 16 అంగుళాలవి. కాళ్ల దగ్గర బస్తా నిలబెట్టుకునే జాగా ఉంది, వెనక సీటు తీసేస్తే పెట్టె బిగించుకోవచ్చు, ఏ ఊళ్లో ఆగిపోయినా మెకానిక్ ఉంటాడు. లోడు కోసం కరెంటు బండి కొనబోయేవారు పక్కన పెట్టి చూసుకోవాల్సింది దీన్నే. డిస్‌ప్లేలు, బ్లూటూత్‌ల సంగతి తర్వాత. బస్తా పెట్టే చోటు ఎక్కడుంది, చక్రం ఎంత పెద్దది, బాగుచేసేవాడు ఎవరు అన్నదే అసలు పోలిక.

బరువు మోయడానికి ఇంజినే అక్కర్లేదని కూడా చరిత్రలో రుజువులున్నాయి. జార్ఖండ్‌లో మామూలు సైకిలుకు రెండు వందల కిలోల దాకా బొగ్గు బస్తాలు కట్టుకుని ఎత్తుపల్లాల దారుల్లో తోసుకెళ్లే మనుషులు ఉన్నారు. 1954లో దియన్ బియన్ ఫూ దగ్గర ఫ్రెంచి సైన్యాన్ని ఓడించిన వియత్నాం సేనలకు బియ్యం, మందుగుండు చేరవేసినవి వేలాది సైకిళ్లు. హ్యాండిలుకు, సీటుకు వెదురు కర్రలు కట్టి, ఒక్కోదాని మీద రెండు వందల కిలోలకు పైగా వేశారు. అయితే రెండు చోట్లా సైకిలును తొక్కలేదు, తోశారు. ఉక్కు ఫ్రేము బరువును నిలబెట్టగలదు. దాన్ని ఎక్కించడం, ఆపడం, గుంతలో దించి లేపడం వేరే సంగతి. మోటారు బిగించి గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో పరుగెత్తిస్తే ఈ మూడూ ఒకేసారి మీద పడతాయి.

ఒక లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. బండి 80 కిలోలు, నడిపే మనిషి 70 కిలోలు, సరుకు వంద కిలోలు అనుకుందాం. మొత్తం 250. చదునైన తారురోడ్డు మీద ఇంత బరువును గంటకు 25 కిలోమీటర్ల వేగంతో నడపడానికి చక్రం దగ్గర సుమారు 300 వాట్లు కావాలి. టైరు రాపిడికి సగం పైన, గాలిని చీల్చుకుపోవడానికి మిగతాది ఖర్చవుతుంది. ఈ 300 వాట్లు పెద్ద విషయం కాదు. చిన్న మోటారు కూడా ఇంచుమించు ఇవ్వగలదు. డీలరు చూపించే ట్రయల్ ఎప్పుడూ ఇలాంటి రోడ్డు మీదే, అదీ ఖాళీ బండితోనే.

ఇప్పుడు అదే బండిని ఎత్తు ఎక్కించాలి. మైదాన ప్రాంతాల రోడ్లకు మన దేశంలో ఇంజినీర్లు మామూలుగా పెట్టుకునే వాలు 30 మీటర్లకు ఒక మీటరు. జాగా చాలని చోట 20 మీటర్లకు ఒక మీటరు దాకా వెళతారు, అంటే నూటికి అయిదు. ఆ నూటికి అయిదు ఎక్కుడులో మన 250 కిలోల బండి 15 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే 600 వాట్లు దాటాలి. పాతిక వేగం తగ్గకూడదంటే 1,100 వాట్ల పైమాటే. నిలకడగా 250 వాట్లు మాత్రమే ఇచ్చే మోటారైతే గంటకు ఆరు కిలోమీటర్ల వేగంతో పాకుతుంది. మనిషి కాస్త చురుగ్గా నడిస్తే దాన్ని దాటేస్తాడు.

అమలాపురం, తెనాలి, భీమవరం లాంటి డెల్టా ఊళ్లలో రోజంతా తిరిగినా కాలవ వంతెన తప్ప ఎక్కేదేమీ ఉండదు. అక్కడ చిన్న మోటారు బండి పాల క్యాన్లతో హాయిగా తిరుగుతుంది. అదే బండిని బంజారాహిల్స్ ఎత్తుపల్లాల్లోకో, విశాఖలో కొండవాలు కాలనీల్లోకో తెస్తే మొదటి వేసవి దాటదు. కాబట్టి పక్క జిల్లాలో బంధువు కొన్నాడని, అతనికి బాగుందని అదే బండి తీసుకోవడం పొరపాటు. తమ రూటులో అన్నిటికన్నా కష్టమైన ఎక్కుడు ఏదో, అది ఎంత పొడవుందో చూసుకుని, దానికి సరిపడే మోటారు తీసుకోవాలి. మిగతా రూటంతా ఆ మోటారుకు తేలిక.

పొడవు సంగతి ఎందుకంటే, మోటారు మీద రాసే వాట్లకు ఒక మెలిక ఉంది. మన కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో లెక్కలోకి తీసుకునేది ముప్పై నిమిషాల పవర్. అరగంటసేపు ఆగకుండా మోయగలిగిన శక్తి అన్నమాట. కాసేపటికైతే అదే మోటారు రెట్టింపు కూడా ఇస్తుంది. అందుకే చిన్న ఫ్లైఓవర్‌ను దమ్ముగా ఎక్కేసిన బండి రెండు కిలోమీటర్ల ఎక్కుడులో సగం దారికి నీరసిస్తుంది. ఆ రెట్టింపు శక్తిని ఎంతవరకు వదలాలో నిర్ణయించేది కంట్రోలర్. డీలరును అడగాల్సింది దాని ఆంపియర్లు. 48 వోల్టుల బ్యాటరీకి 15 ఆంపియర్ల కంట్రోలర్ ఉంటే బ్యాటరీ నుంచి వచ్చేది 720 వాట్లు. 60 వోల్టులకు 25 ఆంపియర్లైతే 1,500. వేగం వోల్టుల్ని బట్టి, లాగే బలం ఆంపియర్లను బట్టి ఉంటుందని గుర్తుపెట్టుకుంటే షోరూంలో సగం మాటలు వాటంతటవే అర్థమవుతాయి.

పికప్ చాలడం లేదని కొందరు కంట్రోలర్ ఒక్కటీ పెద్దది వేయించుకుంటారు. మోటారు తీగచుట్టలో పుట్టే వేడి కరెంటుకు వర్గంగా పెరుగుతుంది: ఆంపియర్లు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు. చక్రం మధ్యలో ఉండే హబ్ మోటారులో ఈ వేడి బయటికి పోయే దారి చాలా ఇరుకు. తీగచుట్టకూ బయటి డొప్పకూ మధ్య సన్నటి గాలి పొర ఉంటుంది, వేడి దాన్ని దాటి రావాలి. అందులోనూ బరువుతో నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడు మోటారు తక్కువ చుట్లు తిరుగుతుంది. లాగిన కరెంటులో పనికి వెళ్లేది తగ్గి, వేడిగా మారేది పెరుగుతుంది. ముందు, మోటారు తిరుగుడును కంట్రోలర్‌కు చెప్పే హాల్ సెన్సర్లు పోతాయి, బండి కుదుపులతో నడుస్తుంది. తర్వాత చుట్ట ఇన్సులేషన్ మాడుతుంది. ఎక్కుడు ఎక్కాక బండి ఆపి మోటారు డొప్ప మీద చేయి పెట్టి చూడటం మంచి అలవాటు. చేయి ఆనించలేనంత వేడి ఉంటే ఆ బరువుకు ఆ మోటారు చాలదని అర్థం.

ఇక్కడ చక్రం సైజు కూడా లెక్కలోకి వస్తుంది. నూటికి అయిదు ఎక్కుడులో మన 250 కిలోలను కదిలించడానికి పది అంగుళాల స్కూటర్ చక్రానికి 31 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలం చాలు. సైకిలు చక్రానికి అదే పనికి 50 దాటాలి. చక్రం పెద్దదవుతున్నకొద్దీ అదే మోటారు లాగే బలం తగ్గుతుంది. చిన్న చక్రం బాగా లాగుతుంది గానీ గుంతలో పూర్తిగా దిగబడుతుంది. మన రోడ్ల మీద ఇది తేలిగ్గా తీసుకునే లోపం కాదు. ఊరి రోడ్లు, పొలం గట్లు ఎక్కువుండే రూటుకు 16 అంగుళాలు, కాలనీ సిమెంటు రోడ్లకు 10 లేదా 12 అంగుళాలు నయం.

యూరప్‌లో ఈ చిక్కును గేర్లతో దాటారు. అక్కడి చట్టం కూడా మామూలు ఎలక్ట్రిక్ సైకిలుకు 250 వాట్ల నిలకడ శక్తినే, పాతిక కిలోమీటర్ల వేగాన్నే అనుమతిస్తుంది. అయినా అక్కడి తల్లిదండ్రులు ఇద్దరు పిల్లల్ని, వారానికి సరిపడా కూరగాయల్ని వేసుకుని కొండ ఎక్కుతారు. మోటారును చక్రంలో కాకుండా పెడళ్ల దగ్గర పెట్టడం వల్ల సైకిలు గేర్లన్నీ దానికి అందుతాయి. 2018లో వచ్చిన టెర్న్ జీఎస్‌డీ అనే సైకిలు బరువులు మోయడానికే తయారైంది. దాని 20 అంగుళాల చిన్న చక్రాలు, కింది గేరు కలిసి ఆ కొద్దిపాటి వాట్లనే ఎక్కుడుకు పనికొచ్చే బలంగా మారుస్తాయి. వేగం తగ్గుతుంది, మోటారు మాత్రం తనకు నచ్చిన చుట్లలోనే తిరుగుతుంది కాబట్టి వేడెక్కదు. చైను, పళ్లచక్రాలు త్వరగా అరుగుతాయి. ధర మన డబ్బుల్లో నాలుగు లక్షలకు పైమాటే. మన వీధి వ్యాపారికి అది అందేది కాదు. కానీ కొండల్లో తిరిగే లోడు బండికి చక్రం మోటారు కంటే, బెల్టుతోనో పళ్లచక్రాలతోనో చుట్లు తగ్గించి బలం పెంచే మోటారు మేలన్న సూత్రం ఎక్కడైనా ఒకటే.

ఉన్న సైకిలుకే కిట్టు బిగించుకుందామనుకునే వారికి రెండు జాగ్రత్తలు తప్పనిసరి. ముందు చక్రంలో మోటారు వద్దు. లోడంతా వెనక ఉంటే ముందు చక్రం తేలికపడి ఎక్కుడులో జారుతుంది. పైగా ముందు ఫోర్కు ఆ బలాన్ని తట్టుకునేలా చేసింది కాదు. వెనక బిగించినా టార్క్ ఆర్మ్ అనే ఇనుప పట్టీ ఉండాల్సిందే. మోటారు చక్రాన్ని ఎంత బలంగా ముందుకు తిప్పుతుందో, ఇరుసును అంతే బలంగా వెనక్కి తిప్పుతుంది. నట్లు వదులైతే ఇరుసు గాడిలోంచి తిరిగిపోయి, వైర్లు తెగి, చక్రం ఊడివస్తుంది. ఈ పట్టీకి అయ్యేది కొద్ది వందలే.

అసలు భయం ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. ఎక్కలేని బండి ఆగిపోతుంది, అంతే. ఆగలేని బండి మనిషిని చంపుతుంది.

250 కిలోల బండి నూటికి ఎనిమిది వాలులో పాతిక వేగంతో దిగుతుంటే, ఆ వేగం పెరగకుండా పట్టి ఉంచడానికి బ్రేకులు వెయ్యి వాట్లకు పైగా శక్తిని వేడిగా మార్చాలి. ఇంట్లో ఇస్త్రీపెట్టెను ఆన్ చేసి బ్రేకు లైనర్లకు ఆనించి ఉంచినట్టే. డ్రమ్ము బ్రేకులో ఈ వేడి డొప్ప లోపలే ఉండిపోతుంది. లైనర్లు వేడెక్కినకొద్దీ పట్టు తగ్గి, లీవరు ఎంత నొక్కినా బండి జారుతూనే ఉంటుంది. డిస్కు గాలికి తెరుచుకుని ఉంటుంది కాబట్టి త్వరగా చల్లబడుతుంది. ఎత్తుపల్లాలున్న ఊళ్లో లోడు బండికి కనీసం ముందు చక్రానికి డిస్కు ఉండాలి, రెంటికీ ఉంటే ఇంకా మంచిది. ఈ ఒక్క విషయంలో ధర చూసి వెనక్కి తగ్గకూడదు. పాతకాలపు సైకిలు కడ్డీ బ్రేకుల మీద నమ్మకం పెట్టుకుని మోటారు బిగించడం మరీ ప్రమాదం. క్రోమియం పూత ఉన్న ఉక్కు రిమ్ము వానలో తడిస్తే రబ్బరు దిమ్మ దాని మీద జారిపోతుంది.

వేగం కూడా ఇక్కడే దెబ్బకొడుతుంది. అదే బరువు పాతిక నుంచి యాభై వేగానికి చేరితే ఆపాల్సిన శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. దిగేటప్పుడు బ్యాటరీ చార్జవుతుంది, మోటారే బ్రేకు వేస్తుందని అమ్మేవాళ్లు చెబుతారు. కొంతవరకు నిజమే. కానీ బ్యాటరీ నిండుగా ఉంటే ఆ కరెంటును తీసుకోదు. కొండ మీద ఇల్లున్న వ్యాపారి రాత్రంతా చార్జింగ్ పెట్టి ఉదయాన్నే దిగుతుంటే ఆ సాయం ఉండదు. వేగం బాగా తగ్గాక కూడా దాని పట్టు పోతుంది. లోపల పళ్లచక్రాలు, ఫ్రీవీలు ఉండే రకం హబ్ మోటారుకు ఆ సౌకర్యమే లేదు. కాబట్టి మోటారు బ్రేకును లైనర్ల ఆయుష్షు పెంచే సాయంగా చూడాలి, ఆపే బాధ్యత దాని మీద పెట్టకూడదు.

టైరు మీద రాసి ఉండే చిన్న అంకెను కొనేవాళ్లు చదవరు, అమ్మేవాళ్లు చెప్పరు. సైజు పక్కన 42జె, 53జె లాంటి గుర్తు ఉంటుంది. అందులో అంకె ఆ ఒక్క టైరు మోయగల బరువుకు సంకేతం. 42 అంటే 150 కిలోలు. 50 అంటే 190. 53 అంటే 206. చిన్న స్కూటర్లకు వేసే 3.00-10 సైజు టైర్లలో 42 గుర్తువి మామూలుగా కనిపిస్తాయి. మన 250 కిలోల బండిలో లోడు వెనక క్యారియర్ మీద ఉంటే మొత్తం బరువులో మూడింట రెండు వంతులు, అంటే సుమారు 167 కిలోలు, వెనక టైరు మీదే పడతాయి. 42 గుర్తు టైరు అప్పటికే దాని హద్దు దాటేసింది. గుంతలో పడ్డప్పుడు ఆ బరువు క్షణంపాటు రెట్టింపు అవుతుంది కూడా. బండి కొన్న రోజే వెనక టైరు ఎక్కువ గుర్తుదానికి మార్పించుకోవడం, వారానికోసారి గాలి చూపించుకోవడం పంచర్లను, రిమ్ము సొట్టలను చాలావరకు తప్పిస్తాయి.

ఊచల చక్రమైతే ఊచ మందం చూడాలి. మన పాత నల్ల సైకిళ్లలో ముందు 32, వెనక 40 ఊచలు వేసింది ఊరికే కాదు. బరువు వెనక పడుతుందని తెలిసి చేసిన పని అది. మోటారు చక్రంలో ఊచలు పొట్టిగా ఉంటాయి, ఒక్కోదాని మీద లాగుడు ఎక్కువ పడుతుంది. మొదటి నెలలో ఒకసారి బిగింపు చూపించి బెండు తీయించకపోతే ఒకటి తెగుతుంది, దాని బరువు పక్కవాటి మీద పడి అవీ తెగుతాయి.

బరువు ఎక్కడ పెట్టాలో మన పాలవాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. క్యాన్లను క్యారియర్ మీద ఎత్తుగా పేర్చరు, రెండు వైపులా కొక్కేలకు ఇరుసు ఎత్తులో వేలాడదీస్తారు. బరువు కిందికి ఉంటే బండి మలుపులో ఒరిగినా లేస్తుంది. సిలిండర్లు తెచ్చే కుర్రాళ్లు సైకిలుకు రెండు వైపులా కట్టేదీ అందుకే. వెనక ఇరుసు దాటి బయటికి పొడుచుకొచ్చిన క్యారియర్ మీద బరువు వేస్తే ముందు చక్రం తేలిపోయి హ్యాండిలు అదుపు తప్పుతుంది. కాబట్టి లోడులో కొంత భాగం కాళ్ల దగ్గర పట్టే బండి మంచిది. సగం నిండిన నీళ్ల క్యాను నిండు క్యాను కంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. బ్రేకు వేసిన ప్రతిసారీ నీళ్లు ముందుకు తోసుకొస్తాయి. గట్టి సెంటర్ స్టాండు కూడా చూసుకోవాలి. ఒక వైపు సరుకు దించగానే బండి రెండో వైపు పడిపోయే సైడు స్టాండు లోడు పనికి కొరగాదు.

క్యారియర్‌ను వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ తీసి పక్కన పెట్టాలి. వెల్డింగ్ కరెంటు ఫ్రేములో పారి కంట్రోలర్‌నూ, బ్యాటరీలోని కాపలా సర్క్యూట్‌నూ కాల్చేయగలదు. వెల్డింగ్ షాపుల్లో ఈ జాగ్రత్త అరుదు, బండి యజమానే అడిగి చేయించుకోవాలి.

ఇప్పుడు నాలుగో ప్రశ్నకు రావచ్చు. బ్యాటరీ మీద రాసిన వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే అందులో పట్టే కరెంటు తెలుస్తుంది. 60 వోల్టులు, 30 ఆంపియర్ అవర్లు అంటే 1,800, అంటే కరెంటు బిల్లు లెక్కలో 1.8 యూనిట్లు. చదునైన రోడ్డు మీద ఆగకుండా పోతే మన 250 కిలోల బండి కిలోమీటరుకు పదిహేను వాట్ అవర్లు తింటుంది. వీధి వ్యాపారంలో ఆగకుండా ఎవరు పోతారు? ఆగి మళ్లీ పాతిక వేగం అందుకునే ప్రతిసారీ రెండు వాట్ అవర్లకు పైగా ఖర్చు. ముప్పై ఇళ్ల దగ్గర ఆగితే నాలుగైదు కిలోమీటర్ల చార్జింగు అక్కడే పోయింది. ఎక్కుళ్లు కూడా కలుపుకుని కిలోమీటరుకు పాతిక చొప్పున వేసుకుని, బ్యాటరీలో అయిదో వంతు మిగిల్చి లెక్కేస్తే 57 కిలోమీటర్లు వస్తాయి. కాగితం మీద వంద కిలోమీటర్లని ఉన్నా లోడు బండికి నమ్మదగిన అంకె ఇదే. రోజుకు నలభై తిరిగేవారికి అది చాలు, డెబ్బై తిరిగేవారికి మధ్యాహ్నం చార్జింగో, రెండో బ్యాటరీయో కావాలి.

చవకైన సీసం బ్యాటరీలతో వచ్చే బళ్లు లోడు పనికి రెండు విధాలుగా నష్టం. 48 వోల్టుల సెట్టే ముప్పై కిలోల వరకు తూగుతుంది. అంటే ఒకటిన్నర నీళ్ల క్యాను బరువును ఏ లాభం లేకుండా రోజూ మోస్తుంటారు. పైగా గబగబా కరెంటు లాగినకొద్దీ సీసం బ్యాటరీ ఇచ్చే మొత్తం తగ్గిపోతుంది. లోడు బండి చేసేది సరిగ్గా అదే. లిథియంలో రెండు రకాలు ఎక్కువ: నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసినది ఒకటి, ఐరన్ ఫాస్ఫేట్ రెండోది. మొదటిది తేలిక. రెండోది కాస్త బరువు, కానీ ఎక్కువ వేడిని తట్టుకుంటుంది, ఎక్కువసార్లు చార్జింగుకు ఓర్చుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో రెంటచింతలలో, రామగుండంలో నలభై అయిదు డిగ్రీల ఎండలో రోజూ తిరిగే బండికి ఐరన్ ఫాస్ఫేటే సరైన ఎంపిక. రెండు మూడు కిలోల అదనపు బరువు దీని ముందు లెక్కలోకి రాదు. బ్యాటరీ ఆగకుండా ఇవ్వగల ఆంపియర్లు కంట్రోలర్ అడిగే ఆంపియర్ల కంటే ఎక్కువ ఉన్నాయో లేదో కూడా చూడాలి. లేకపోతే సరిగ్గా ఎక్కుడు మధ్యలో కాపలా సర్క్యూట్ కరెంటు ఆపేస్తుంది.

బ్యాటరీ మంటలు తెలుగువాళ్లకు పేపర్లో చదివిన వార్తలు మాత్రమే కావు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇళ్లలో బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం ఉన్న భవనంలో మంటలు లేచి, పై అంతస్తుల లాడ్జిలో దిగిన ఎనిమిది మంది పోయారు. ఆ తర్వాత కేంద్రం బ్యాటరీల భద్రతకు సంబంధించిన ఏఐఎస్ 156 ప్రమాణాన్ని కఠినం చేసి, 2022 డిసెంబరు నుంచి ఒక విడత, 2023 మార్చి ఆఖరు నుంచి రెండో విడత అమల్లోకి తెచ్చింది. అంతకు ముందు తయారైన పాత బ్యాటరీని చవకగా వస్తోందని కొనడం ప్రాణాలతో చెలగాటం. ఎండలో తిరిగి వచ్చిన వేడి బ్యాటరీని వెంటనే చార్జింగుకు పెట్టకూడదు, అరగంటైనా చల్లారనివ్వాలి. పడుకునే గదిలో, ఇంటి గుమ్మానికి అడ్డంగా చార్జింగు పెట్టకూడదు. ఒకే గది ఇళ్లలో బతికేవారికి ఇది కష్టమైన మాటే. గోదాము దగ్గరో, నీళ్ల ప్లాంటు దగ్గరో పగటిపూట చార్జింగు పెట్టుకునే ఏర్పాటును యజమానితో ముందే మాట్లాడుకోవడం మంచిది.

చట్టం సంగతి కొంటున్నప్పుడే తేల్చుకోవాలి. ముప్పై నిమిషాల పవర్ 250 వాట్ల లోపు, వేగం పాతిక కిలోమీటర్ల లోపు ఉండి, గుర్తింపు పొందిన సంస్థ పరీక్షించి ధ్రువీకరిస్తే ఆ బండి చట్టం దృష్టిలో మోటారు వాహనం కాదు. రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. హైదరాబాద్‌లో సరుకులు చేరవేసే కుర్రాళ్ల కింద కనిపించే చిన్న అద్దె స్కూటర్లు ఎక్కువగా ఈ కోవవే. లోడు వ్యాపారులకు ఇది ఆకర్షణ. కానీ వైరు ఒకటి తెంపి వేగం పెంచి ఇచ్చే షాపులున్నాయి. ఆ వైరు తెగిన క్షణం నుంచి అది రిజిస్ట్రేషన్, బీమా లేని మోటారు వాహనం. ఎవరికైనా తగిలితే నష్టపరిహారం మొత్తం నడిపినవాడి మీదే పడుతుంది. ఉన్న పెట్రోలు మోపెడ్‌ను కరెంటుకు మార్పించుకోవాలన్నా ఆమోదం పొందిన కిట్టే వేయించి, ఆర్‌సీలో ఆ మార్పు రాయించాలి.

ఎత్తుపల్లాల రూటులో వంద కిలోలు దాటి వేసేవారు రిజిస్ట్రేషన్ ఉన్న బండికే వెళ్లాలి. రెండు, మూడు కిలోవాట్ల మోటారు, మంచి బ్రేకులు, బీమా అక్కడే దొరుకుతాయి. తెలంగాణలో 2024 నవంబరులో వచ్చిన ఉత్తర్వు ప్రకారం 2026 డిసెంబరు 31 దాకా ఎలక్ట్రిక్ బళ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. ఖర్చు ఎక్కువన్న భయం ఆ మేరకు తగ్గుతుంది. ఇక నడపడానికి, మన లెక్కలోని 57 కిలోమీటర్లకు రెండు యూనిట్ల లోపు కరెంటు. పెట్రోలు మోపెడ్ ఆ దూరానికి లీటరు పైనే తాగుతుంది.

కొనే ముందు ట్రయల్ ఖాళీ బండితో చేయకూడదు. తమ సరుకునే తీసుకెళ్లి, రోజూ వేసేంత వేసి, తమ రూటులోని గడ్డు ఎక్కుడు మీద నడిపి చూడాలి. సగం దారిలో ఆపి, మళ్లీ కదిలించాలి. నిలబడ్డ చోటు నుంచి ఎక్కుడులో కదలడమే మోటారుకు అన్నిటికన్నా కష్టమైన పని. దిగేటప్పుడు ఒకసారి ముందు బ్రేకుతో, ఒకసారి వెనక బ్రేకుతో ఆపి చూడాలి. ఇందుకు ఒప్పుకోని డీలరు దగ్గర కొనకపోవడమే మంచిది.

ఆఖరుగా అడగాల్సింది విడిభాగాల గురించి. ఎక్సెల్‌కు కేబులు తెగితే పక్క వీధిలో దొరుకుతుంది, గంటలో బండి కదులుతుంది. కరెంటు బండికి కంట్రోలర్ పోతే అది ఊళ్లో దొరుకుతుందా, హైదరాబాద్ నుంచో, ఢిల్లీ నుంచో రావాలా? లోడు బండి ఆగిన ప్రతి రోజూ కూలి పోయినట్టే, ఖాతాదార్లు పక్కవాడి దగ్గరికి వెళ్లిపోతారు. అందుకే కొత్త కంపెనీ బండి కొనేవారు, అదే బండి ఏడాదికి పైగా నడిపినవారిని వాళ్ల ఊళ్లోనే వెతికి పట్టుకుని, రిపేరుకు ఎన్నాళ్లు ఆగాల్సి వచ్చిందో కనుక్కోవాలి. అందరూ వాడే మామూలు భాగాలతో చేసిన బండైతే కంట్రోలర్, థ్రాటిల్, హాల్ సెన్సర్లు ఏ ఎలక్ట్రిక్ మెకానిక్ దగ్గరైనా దొరుకుతాయి. సొంత సాఫ్ట్‌వేర్‌తో తాళం వేసిన బండికి కంపెనీ సర్వీసు సెంటరే దిక్కు. ఆ సెంటరు తమ మండలంలో ఉందో లేదో, దాని దాకా బండిని చేర్చడానికి ఆటో కిరాయి ఎంతవుతుందో కూడా ధరలో కలుపుకునే బేరం తేల్చుకోవాలి.